కార్డు మీది పొటాష్ అంకె: వ్యవసాయ సంచాలకులకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ సంచాలకులు గారికి,



పత్తికి ఎకరాకు 24 కిలోల పొటాష్ అన్నది మన సిఫారసు. భూసార పరీక్షలో పొటాష్ తక్కువని తేలితే ఆ మోతాదును 30 శాతం పెంచమంటాం, ఎక్కువని తేలితే 30 శాతం తగ్గించమంటాం. ఎరువుల దుకాణం లెక్కలో చెప్పాలంటే భూసార కార్డు మీద ‘మధ్యస్థం’ అని ఉన్న రైతు ఎకరాకు 40 కిలోల ఎర్ర పొటాష్ కొనాలి, ‘తక్కువ’ అని ఉన్నవాళ్లు 52 కిలోలు, ‘ఎక్కువ’ అని ఉన్నవాళ్లు 28 కిలోలు. అంటే ‘తక్కువ’ అన్న మాట ‘ఎక్కువ’గా మారితే ఎకరాకు దాదాపు అరబస్తా తేడా. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరికే చోట పొటాష్ 50 కిలోల బస్తా 2022లో 1,700 రూపాయలు పలికింది. పైసలు చాలనప్పుడు రైతు ముందుగా మానేసేది పొటాషే. కార్డు మీద ‘ఎక్కువ’ అన్న మాట కనిపిస్తే ఇక తగ్గించడం కూడా కాదు, పూర్తిగా మానేస్తాడు.

అందుకే ఆ మాట ఎలా పుడుతుందో, నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) నేలల్లో అది ఎక్కడెక్కడ తప్పుదోవ పట్టగలదో మీ ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను. మట్టి పరీక్షలు దండగ అనే వాదన నాది కాదు. సక్రమంగా చేసిన పరీక్ష కన్నా రైతుకు చవకగా దొరికే సలహా మరొకటి లేదని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంతోనే అడుగుతున్నాను.

ప్రయోగశాలలో జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. నీడలో ఆరిన మట్టిని దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. అందులోంచి 5 గ్రాములు తీసుకుని, 25 మిల్లీలీటర్ల అమ్మోనియం ఎసిటేట్ ద్రావణం పోసి 5 నిమిషాలు ఊపి వడకడతారు. అమ్మోనియం, పొటాషియం అయాన్లు దాదాపు ఒకే సైజులో ఉంటాయి కాబట్టి బంకమట్టి రేణువుల అంచులకు అంటుకుని ఉన్న పొటాషియాన్ని అమ్మోనియం పక్కకు నెట్టి తాను కూర్చుంటుంది. అలా బయటికొచ్చిన పొటాషియాన్ని ఫ్లేమ్ ఫొటోమీటరు మంటలోకి పంపుతారు. మంటలో అది ఊదారంగు కాంతి ఇస్తుంది, ఆ కాంతి ఎంత గట్టిగా ఉందో యంత్రం చెబుతుంది. 1952లో అమెరికాలోని అయోవాలో హాన్వే, హైడల్ అనే శాస్త్రవేత్తలు స్థిరపరచిన ఈ పద్ధతే ఈనాటికీ మన ప్రయోగశాలల్లో నడుస్తోంది. మంచి పద్ధతి, చవక, వేగం. అయితే యంత్రం చూపే రీడింగు దానంతట అది పొటాషియం కాదు. ముందుగా తెలిసిన గాఢత ఉన్న ద్రావణాలు (స్టాండర్డులు) పెట్టి దాన్ని సరిచూడాలి. లీటరులో 1.907 గ్రాముల పొటాషియం క్లోరైడు కరిగిస్తే వెయ్యి పి.పి.ఎం. ద్రావణం వస్తుంది. దాన్ని పలచన చేసేటప్పుడు ఉత్త నీళ్లు కాకుండా అదే అమ్మోనియం ఎసిటేట్ వాడాలి, లేకపోతే నమూనాకూ స్టాండర్డుకూ పొంతన ఉండదు. గ్యాసు ఒత్తిడి కాస్త తగ్గినా, గాలి కంప్రెసరు తడబడినా రీడింగు జారిపోతుంది. కాబట్టి కొన్ని నమూనాలకోసారి స్టాండర్డు మళ్లీ పెట్టి చూడాలి. సీజను ముందు వందల సంచులు వచ్చి పడ్డప్పుడు ఈ క్రమశిక్షణే అన్నిటికంటే ముందు సడలుతుంది. ప్రయోగశాలలో పనిచేసే పిల్లల తప్పు కాదది, వాళ్ల మీద పెట్టే లక్ష్యాల తప్పు.

రీడింగు వచ్చాక లెక్క మొదలవుతుంది. అసలు గందరగోళం కూడా అక్కడే.

యంత్రం 24 పి.పి.ఎం. చూపిందనుకుందాం. 5 గ్రాములకు 25 మిల్లీలీటర్లు పోశాం కనుక 5తో హెచ్చవేస్తే కిలో మట్టిలో 120 మిల్లీగ్రాములు. పై 15 సెంటీమీటర్ల మట్టి హెక్టారుకు 22 లక్షల 40 వేల కిలోలు ఉంటుందన్న లెక్కతో 2.24తో హెచ్చవేస్తే హెక్టారుకు దాదాపు 269 కిలోల పొటాషియం. ఇక్కడి దాకా అందరూ ఒకే దారిలో నడుస్తారు. ఆ తర్వాత కొందరు దాన్ని అలాగే పొటాషియంగా, అంటే ‘కె’గా రాస్తారు. మరికొందరు 1.2తో హెచ్చవేసి ఎరువుల బస్తా భాషలో ‘కె2ఓ’గా రాస్తారు. అప్పుడు అది దాదాపు 323 అవుతుంది. రెండూ సరైనవే. కానీ రెండింటికీ వేర్వేరు కొలబద్దలున్నాయి. ‘కె’ లెక్కలో 120 లోపు తక్కువ, 280 పైన ఎక్కువ. ‘కె2ఓ’ లెక్కలో మన రాష్ట్రంలో వాడేది 145 లోపు తక్కువ, 340 పైన ఎక్కువ. 269ని 280తో పోల్చినా, 323ని 340తో పోల్చినా వచ్చే మాట ‘మధ్యస్థం’. పొరపాటున 323ని తెచ్చి 280 పక్కన పెడితే అదే నేల ‘ఎక్కువ’ అయిపోతుంది. కింది కొసన ప్రమాదం ఇంకా పెద్దది. రీడింగు 10 ఉంటే ‘కె’ 112 కిలోలు, ‘కె2ఓ’ 134. ఏ కొలబద్దకు ఆ అంకె పెడితే నేల ‘తక్కువ’ కిందికే వస్తుంది. 134ని 120తో పోల్చారో, ఆకలితో ఉన్న నేల ‘మధ్యస్థం’ అనిపించుకుంటుంది. కొన్ని పుస్తకాల్లో కింది హద్దు 120 కాదు, 108. ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటే 112 ఉన్న నేల కూడా మధ్యస్థమే.

నేను చదివిన నివేదికల్లో ఈ రెండు లెక్కలూ కనిపిస్తాయి. పట్టిక మీద ‘పొటాష్’ అని మాత్రమే ఉంటుంది, ఏ లెక్కో రాసి ఉండదు. చదువుకున్నవాళ్లమే తికమకపడే చోట రైతు ఏం చేయగలడు? రైతువేదికలో కూర్చున్న మన వ్యవసాయ విస్తరణాధికారికి (ఏ.ఈ.ఓ.) మాత్రం ఏం తెలుస్తుంది? మీరు ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. రాష్ట్రంలోని ప్రతి ప్రయోగశాలా ఒకే లెక్క, ఒకే కొలబద్ద వాడాలనీ, కార్డు మీద అంకె పక్కనే అది ‘కె’నా ‘కె2ఓ’నా, హద్దులు ఎంతెంత అన్నవి తెలుగులో అచ్చువేయాలనీ. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు మన నేలల సంగతి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సేద్యం జరిగేది ఎక్కువగా చెల్కల్లో, దుబ్బల్లో. అచ్చంపేట వైపు వెళ్లినా, దేవరకొండ వైపు వెళ్లినా నాగలి కింద మొరం గరగరలాడుతుంది. జల్లెడ పట్టినప్పుడు 2 మిల్లీమీటర్ల పైనున్న గులకరాళ్లు పక్కకు పోతాయి, పరీక్ష మిగిలిన సన్నమట్టికే జరుగుతుంది. అది సబబే, కానీ తర్వాత హెక్టారుకు లెక్క కట్టేటప్పుడు 22 లక్షల 40 వేల కిలోలూ సన్నమట్టే అన్నట్టు హెచ్చవేస్తాం. రీడింగు 15 వస్తే 168 కిలోలు, నిస్సందేహంగా మధ్యస్థం. ఆ చేనులో బరువులో 30 శాతం గులకరాయి ఉంటే వేరుకు అందే సన్నమట్టిలో ఉన్నది 118 కిలోలే. అంటే ‘తక్కువ’. జల్లెడలో మిగిలిన రాళ్లను ఒకసారి తూచి ఆ అంకెను కార్డు మీద రాయడానికి కాటా తప్ప మరే యంత్రమూ అక్కర్లేదు. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న అలంపూర్ రేగడికి ఈ సవరణ అంతగా అవసరం ఉండదు. అమ్రాబాద్ చెల్కకు మాత్రం ప్రాణావసరం.

మట్టి తీసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో భూసార కార్డుల పథకం మొదలుపెట్టినప్పుడు నీటి వసతి ఉన్న చోట 2.5 హెక్టార్లకు ఒక నమూనా, వర్షాధారం చోట 10 హెక్టార్లకు ఒక నమూనా అని నిర్ణయించారు. పంజాబులాంటి చదును నేలకు అది చెల్లుతుందేమో. మన దగ్గర ఆ 10 హెక్టార్ల, అంటే 25 ఎకరాల గడిలో గట్టు కింద చెల్క ఉంటుంది, కొంచెం దిగితే దుబ్బ, ఇంకా దిగితే కుంట అంచున నల్లరేగడి. మీద కడిగిపోయిన బంకమట్టంతా తరతరాలుగా కిందికి చేరింది కాబట్టి పొటాషియమూ కిందే చేరింది. ఈ మూడు నేలల రైతులకూ ఒకే అంకె ఇస్తే గట్టు కింది రైతుకు అన్యాయం జరిగినట్టే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పథకం కింద పూడిక మట్టి తోలుకున్న చెల్కలది మరో కథ. ఆ బంకమట్టితో చేను స్వభావమే మారిపోయింది. దాని పక్కనే తోలుకోని చేను పాత చెల్కగానే ఉంది. గడి లెక్క మీద కాకుండా వాలు మీద నేల రకం చూసి నమూనా తీయమని మీ సిబ్బందికి చెప్పండి. ఊళ్లో ఏ రైతును అడిగినా ఏ మడి ఏ రకమో పది నిమిషాల్లో చూపిస్తాడు.

ఇంతవరకు చెప్పినవి సరిదిద్దుకోగల తప్పులు. ఇక చెప్పబోయేది పరీక్షకే ఉన్న పరిమితి. నాకు ఎక్కువ బెంగ దీనిమీదే.

మన నేలలు గ్రానైటు శిథిలమై ఏర్పడ్డవి. ఇక్కడి గుట్టల్లో కనిపించే గులాబీ ఛాయ పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ ఖనిజం వల్ల వచ్చింది. అభ్రకంలోనూ పొటాషియం ఉంది.

రాయిలో పొటాషియం పుష్కలంగా ఉన్నంత మాత్రాన మొక్కకు అందదు. నేలలో పొటాషియం నాలుగు చోట్ల ఉంటుంది. నీటిలో కరిగింది కొద్దిగా, బంకమట్టి ఉపరితలాన అంటుకుని ఉన్నది మరికొంత, బంకమట్టి పొరల మధ్య ఇరుక్కున్నది ఇంకొంత, మిగిలినదంతా ఖనిజంలో. అమ్మోనియం ఎసిటేట్ పరీక్ష మొదటి రెండింటినే కొలుస్తుంది. ఇంట్లో కుండలో ఉన్న బియ్యం కొలిచినట్టన్నమాట, గుమ్మిలో వడ్లెన్ని ఉన్నాయో అది చెప్పదు. పంట ఏపుగా పెరిగే రోజుల్లో పొరల మధ్య నుంచి పొటాషియం మెల్లగా బయటికొస్తూ పైరును ఆదుకుంటుంది. ఆ నిల్వ ఎంతుందో తెలుసుకోవడానికి మరిగే నత్రికామ్లంతో చేసే పరీక్ష ఒకటి దశాబ్దాలుగా ఉంది. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) శాస్త్రవేత్తలు దేశంలోని మెట్టనేలలను ఈ రెండు అంకెలనూ కలిపి వర్గాలుగా విభజించి చూపారు. ఒకే ‘మధ్యస్థం’ కింద ఉన్న రెండు నేలల్లో ఒకదానికి వెనక పెద్ద నిల్వ ఉండొచ్చు, మరొకదానికి ఏమీ ఉండకపోవచ్చు. కయొలినైటు బంకమట్టి ఎక్కువగా ఉండి, పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువగా ఉన్న ఎర్ర చెల్కలకు ఈ నిల్వ సన్నగిల్లే ప్రమాదం ఎక్కువ. అలాంటి నేల ఏడాది తర్వాత ఏడాది ‘మధ్యస్థం’ అనే చెబుతూ లోపల ఖాళీ అవుతూ వస్తుంది. కార్డు మీద తేడా కనబడేసరికి నిల్వ అయిపోయి ఉంటుంది.

ఒక అభ్యంతరం మీ శాస్త్రవేత్తలు తప్పక చెబుతారు, అది న్యాయమైనదే. 2002 తర్వాతి ఏళ్లలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాల రైతుల చేలల్లో మట్టి తీసి పరీక్షించినప్పుడు విస్తారంగా లోటు కనిపించింది గంధకం, బోరాన్, జింకుల్లోనే. పొటాషియం చాలాచోట్ల సరిపడా ఉందనే తేలింది. ఆ పని విలువైనది. జింకు, బోరాన్ వేసిన చేలల్లో దిగుబడి పెరగడం రైతులు కళ్లారా చూశారు. కానీ అప్పటి నుంచి రెండు దశాబ్దాలు గడిచాయి. అప్పుడు ఆముదం, జొన్న పండిన చెల్కల్లో ఇప్పుడు బీటీ పత్తి ఉంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చేరిన ఊళ్లలో రెండు కార్లు వరి వేస్తున్నారు. వరి గడ్డి టన్నులో 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటుంది. వరి నేలనుంచి తీసుకున్న పొటాషియంలో ఎక్కువ భాగం గింజలోకి కాకుండా గడ్డిలోకే పోతుంది. వెనక గడ్డి పశువుల కొట్టంలోకి వెళ్లి పెంట రూపంలో పొలానికి తిరిగొచ్చేది. ఇప్పుడు హార్వెస్టరు వెనకే బేలరు వచ్చి గడ్డిని కట్టలు కట్టి లారీలకెత్తుతోంది. ఆ లారీతో పాటు పొటాషియమూ ఊరు దాటుతోంది. రైతు వేసే డి.ఏ.పి.లో పొటాష్ లేదు, ‘ఇరవై ఇరవై’లో లేదు, యూరియాలో లేదు. పత్తి ఆకుల అంచులు మాడినప్పుడు మాత్రం ‘పదమూడు సున్నా నలభై ఐదు’ అనే పొటాష్ ఎరువు పిచికారీ చేస్తాడు. 2002 నాటి అంకెను పట్టుకుని ఈ నేలలో పొటాష్‌కు కొదవ లేదని నేడు చెప్పగలమా? కొదవ లేదని తేలితే సంతోషమే. కానీ అది తేల్చాలి కదా.

వర్షాధార చేలకు ఇంకో చిక్కు ఉంది. పొటాషియం వేరు దాకా తడిమట్టిలోనే మెల్లగా జరుగుతూ వస్తుంది. ఆగస్టులో మూడు వారాలు వాన ముఖం చాటేస్తే చెల్కలో ఆ కదలిక దాదాపు ఆగిపోతుంది. అప్పుడు పరీక్షలో మధ్యస్థం అని తేలిన నేలలోనూ పత్తికి అందదు. కార్డు మీద ఈ మాట ఒక్క వాక్యంలో రాసినా రైతుకు అర్థమవుతుంది.

నల్లగొండ బత్తాయి తోటల గురించి వేరుగా చెప్పుకోవాలి. రాష్ట్రంలో బత్తాయి సాగులో ఈ జిల్లాదే అగ్రస్థానం. పండు పరిమాణం, తొక్క మందం, రసం అన్నిటికీ పొటాష్‌తో సంబంధం ఉంది. పదిహేను సెంటీమీటర్ల లోతు మట్టి తీసి వరికి చెప్పినట్టే బత్తాయికి చెబితే లాభం లేదు. చెట్టు వేళ్లున్న చోట, డ్రిప్పు తడిసే భాగంలో, 30, 60, 90 సెంటీమీటర్ల లోతుల్లో వేర్వేరు నమూనాలు తీయాలి. వాటితో పాటు ఆకు పరీక్ష చేయాలి. చెట్టు నిజంగా తీసుకున్నదేమిటో ఆకే చెబుతుంది. తోటలున్న మండలాల్లోనైనా ఈ సదుపాయం మీ శాఖ, ఉద్యాన శాఖ కలిసి కల్పించాలి.

వరి పొలాల నమూనాల విషయంలో ఒక సూచన. తడిమట్టిని ఆరబెట్టడం వల్ల పొటాషియం రీడింగు మారిపోతుందని తెలిసి, ఈ పద్ధతి పుట్టిన అయోవాలోనే తడి నమూనాను నేరుగా పరీక్షించే విధానాన్ని 1960లలో మొదలుపెట్టారు. మధ్యలో ఆపేశారు, 2013లో మళ్లీ తీసుకొచ్చారు. మనం కాల్వ కింది పొలాల్లో కొన్నింటినైనా రెండు విధాలా పరీక్షించి చూడాలి. మిర్యాలగూడ వైపు కోతలయ్యాక తడి ఆరని మట్టి సంచిలో వేసి పంపితే, ఆ సంచి ప్రయోగశాల మూలన ఎన్నాళ్లు ఎలా ఆరిందన్నది కూడా అంకెలో చేరిపోతుంది.

అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. లెక్క, కొలబద్ద, గులకరాయి శాతం, నమూనా లోతు కార్డు మీద అచ్చువేయించండి. ప్రతి ప్రయోగశాలకూ అంకె ముందే తెలిసిన నమూనాలను మామూలు సంచుల్లో కలిపి పంపి సరిచూడండి. దక్షిణ తెలంగాణ మండలానికి కేంద్రమైన పాలెం పరిశోధన స్థానానికీ, నల్లగొండ నేలలు బాగా తెలిసిన కంపాసాగర్‌కూ నిల్వ పొటాషియం పరీక్ష బాధ్యత అప్పగించండి. ప్రతి రైతు చేనుకూ అక్కర్లేదు. ఒక్కో మండలంలో చెల్క, దుబ్బ, రేగడి, పూడికమట్టి తోలిన నేల, కాల్వ కింది వరి నేల నుంచి ఒక్కొక్కటి చొప్పున చేస్తే చాలు. ఆ వివరాలతో పాత పాలమూరు, పాత నల్లగొండ పటాలు తయారుచేయించండి. 2016లో ఆ జిల్లాలు ముక్కలయ్యాయి కానీ నేల విడిపోలేదు. ఇక్రిశాట్ 1975 నుంచి అధ్యయనం చేస్తూ వచ్చిన ఔరేపల్లి, డోకూరు లాంటి ఊళ్లలో పాత వివరాలున్నాయి. అక్కడి నేలలను మళ్లీ పరీక్షిస్తే ఇన్నేళ్లలో ఏం జరిగిందో తెలుసుకునే అవకాశం దొరుకుతుంది.

దేశంలో పొటాష్ గనులేమీ నడవడం లేదు. మన చేలల్లో పడే పొటాష్‌లో దాదాపు ప్రతి గింజా కెనడా నుంచో, రష్యా నుంచో, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్‌ల నుంచో ఓడల్లో రావాల్సిందే. 2022లో యుద్ధం వచ్చి ధర ఎగసినప్పుడు ఆ భారం చివరికి ఎవరి మీద పడిందో చూశాం. కిలో పొటాష్‌కు కేంద్రం ఇచ్చే రాయితీ 2023 వానాకాలంలో 15 రూపాయల 91 పైసలుంటే అదే ఏడాది యాసంగికి 2 రూపాయల 38 పైసలకు దిగింది. ఇంత దూరం నుంచి, ఇంత ఖర్చుతో వచ్చే ఎరువును అవసరం లేని నేలలో వేయడం నష్టమే, అవసరమున్న నేలలో వేయకపోవడం అంతకన్నా నష్టం.

ఏటా మే నెలలో చేలు ఎండి ఖాళీగా ఉన్నప్పుడు నమూనాలు తీస్తారు. ఏప్రిల్ లోపే ప్రయోగశాలలకు ఒకే లెక్క పట్టికను, మండల అధికారులకు వాలు ప్రకారం మట్టి తీసే సూచనలను పంపగలిగితే ఈ వానాకాలానికి ముందే సగం పని పూర్తవుతుంది. నత్రికామ్ల పరీక్ష ఫలితాలు యాసంగి నాటికి వచ్చినా ఆలస్యం కాదు. మీ శాఖ తీసుకునే నిర్ణయాన్ని దయచేసి పత్రికల ద్వారా రైతులందరికీ తెలియజేయండి.

ఇట్లు,
మట్టి రసాయనం చదువుకున్న ఒక పాలమూరు రైతుబిడ్డ